దిగిన జట్టు

పోయిన ఆదివారం మా అక్క మాచర్ల నుంచి వస్తూ చంకలో ఒక మూట పెట్టుకొచ్చింది. పాత దుప్పట్లో చుట్టి, జనపనార తాడుతో కట్టిన మూట. బస్టాండు నుంచి ఆటో ఎక్కకుండా నడిచే వచ్చినట్టుంది, జాకెట్టు వీపంతా తడిసిపోయి ఉంది. మంచినీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి, మూటను కాలితో నా ముందుకు జరిపింది. విప్పితే పీట. పిడుగురాళ్ళ ఇంట్లో మేం అన్నాలు తినేటప్పుడు వాల్చుకున్న టేకు పీట. ఒక మూల వేడి గిన్నె దించిన నల్లటి మచ్చ అలాగే ఉంది. నాన్న పోయాక ఆ అద్దె ఇల్లు ఖాళీ చేసి సామానంతా అక్కే మాచర్ల పట్టుకుపోయింది. అందులోంచి నాకోసం ఏరి తెచ్చింది ఇది.

"నాన్న సామానంతా నేనే ఉంచుకున్నానని నీ మనసులో ఉండకూడదుగా. ఇది నీదేనే. నువ్వు గెల్చుకున్నదేగా" అంది. నవ్వుతూనే అంది. మా అక్క నవ్వుతూ అన్న మాటలే నాకు ఎక్కువ రోజులు గుర్తుంటాయి.

ఆమె వచ్చింది మంచి రోజు కాదు. ముందు రోజు సాయంత్రమే మా అమ్మాయి బడి నుంచి ఫోనుకు మెసేజీ వచ్చింది, సహస్ర సెక్షను మారిందని. సహస్ర మూడో తరగతి. ఈ నరసరావుపేటలో మేం వెతికి వెతికి వేసిన బడి అది. ప్రతి నెలా పరీక్ష పెడతారు, మార్కులను బట్టి పిల్లల్ని సెక్షన్లు మారుస్తారు. ఎ, బి, సి అని పేర్లు పెడితే పిల్లలు చిన్నబోతారని నక్షత్రాల పేర్లు పెట్టారు. ధ్రువ, రోహిణి, చిత్ర. అయినా ధ్రువ వాళ్ళకు మేడ మీద ఏసీ గది. చిత్ర వాళ్ళకు కింద, సైకిళ్ళు పెట్టే షెడ్డు పక్కన. నక్షత్రాలు ఎక్కడున్నాయో పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బడిలో చేరినప్పటి నుంచి మేడ మీదే ఉన్న పిల్ల, ఈ నెల ఆటలమ్మ పోసి, పొక్కులు మాడకముందే పోయి పరీక్ష రాసి, ఒక్కసారే చిత్రలోకి వచ్చిపడింది. శనివారం నుంచి దానికి అన్నం సయించట్లేదు. నాకు నిద్ర పట్టట్లేదు. అది నిద్రపోయాక వంటింటి లైటు కింద కూర్చుని ఇది రాస్తున్నాను. గోడకు ఆనించిన పీట నా ఎదురుగానే ఉంది.

మా నాన్న ఫుట్‌బాల్ ఆడేవాడు. ఈ మాట చెబితే మా అత్తగారి వైపు వాళ్ళు ఇప్పటికీ సరదాకు ఆడేవాడనుకుంటారు. సరదాకు కాదు, అదే ఉద్యోగం. హైదరాబాదులో ఒక కంపెనీ తన పేరు మీద జట్టును నడిపేది. నాన్న అందులో వెనక నిలబడి ఎదుటివాళ్ళను ఆపే ఆటగాడు, బ్యాకు. జీతం కంపెనీది, పని మైదానంలో. పొద్దున్నే పోయి పరిగెత్తి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి చద్దన్నంలో మజ్జిగ పోసుకుని తిని, చీలమండకు ఆముదం రాసి గుడ్డ చుట్టుకుని పడుకునేవాడు. మా క్వార్టరు గదిలో ఎప్పుడూ ఆముదం వాసన, తడి బూట్ల వాసన. అమ్మ ఆ బూట్లను గుమ్మం బయట పెడితే నాన్న మళ్ళీ లోపల పెట్టేవాడు, కుక్కలు లాక్కుపోతాయని.

అప్పట్లో దేశం మొత్తానికి ఒక లీగు ఉండేది. అందులో పై డివిజను, కింది డివిజను. ఏడాదంతా ఆడాక, పైన అడుగున మిగిలిన జట్లు కిందికి దిగాలి. కింద గెలిచినవాళ్ళు వాళ్ళ చోట్లోకి ఎక్కాలి. నాకు అక్షరాలు రాకముందే ఈ లెక్క వచ్చు. మా ఇంట్లో ఎక్కడం, దిగడం అంటే మెట్లు కావు, జట్లే. నాన్న జట్టు కింది డివిజనులో ఉండేది. ఒక ఏడు గెలిచి పైకి ఎక్కింది. ఆ రాత్రి నాన్న ఆటగాళ్ళందరితో దండలేసుకుని క్వార్టర్సులోకి వచ్చి, అక్కను భుజాల మీద కూర్చోబెట్టుకుని గుమ్మంలోంచి లోపలికి పరిగెత్తాడు. గుమ్మం ఎత్తు మర్చిపోయాడు. అక్క నుదురు పైకమ్మికి కొట్టుకుని చీలింది. నెత్తురు చూసి అమ్మ తిడుతుంటే నాన్న నవ్వుతూ పసుపు అద్దాడు. ఎడమ కనుబొమ మీద ఆ గీత ఇప్పటికీ ఉంది. ఎక్కిన రోజు గుర్తు అని నాన్న దాన్ని చూపించి అందరికీ చెప్పేవాడు, తనకే తగిలినట్టు.

పైన ఒక్క ఏడే ఉన్నారు. గోలు కాసే గోలీకి కామెర్లొచ్చాయి. నాన్నకు చీలమండ మెలిపడి వాచిపోయింది. కట్టు కట్టుకుని ఆడాడు, ఆడకుండా కూర్చున్నా బాగుండేదని తరవాత తనే అనేవాడు. దూరం ఊళ్ళకు రైళ్ళలో పోయి, ఓడిపోయి, బూట్లకు ఎర్రమట్టితో తిరిగొచ్చేవాడు. ఏడాది చివర అడుగున మిగిలారు. దిగారు. దాని గురించి నాన్నకు బాధేగాని ఫిర్యాదు లేదు. ఓడినోడు దిగాల్సిందే, అది ఆట న్యాయం, వచ్చే ఏడు మళ్ళీ ఎక్కుతామని అమ్మతో చెప్పాడు. కాకపోతే కింది డివిజనులో ఆడటానికి కంపెనీ జట్టును నడుపుతుందా లేదా అనేది తేలలేదు. ఆటగాళ్ళంతా కలిసి పోయి పెద్ద ఆఫీసరును అడిగారు. ఆయన ఫైలులోంచి తలెత్తకుండా ఒకే మాట అన్నాడట.

"చూద్దాం."

ఆ చూద్దాం మీద మా ఇంట్లో ఒక ఎండాకాలం గడిచింది. నాన్న వాచిన కాలితోనే తెల్లారకముందే లేచి పరిగెత్తేవాడు. చూద్దామన్నాడంటే ఉంచుతారనే కదా అని అమ్మను అడిగేవాడు. లేదనాలంటే లేదనే అనేవాడుగా అని తనే జవాబు చెప్పుకునేవాడు. వానలు మొదలయ్యాక జట్టును ఎత్తేశారు. కబురు కాగితం మీద కూడా రాలేదు. ఆటగాళ్ళను గోడౌనులో సరుకు చూసుకునే పనిలో వేశారు. తనకు దండలేసిన ప్యూన్ల ముందు అట్టపెట్టెలు మోయలేనని నాన్న ఉద్యోగం మానేశాడు. గోడౌనయితే ఏం, ఉద్యోగమేగా అని అమ్మ అంది. ఆ ఒక్క మాట ఆమె ఆ తరవాత బతికినన్నాళ్ళూ అంటూనే ఉంది.

అలా పిడుగురాళ్ళ వచ్చాం, నాన్న సొంతూరు. సున్నం బట్టీల దగ్గర లారీలను తూకం వేసే కాటా మీద పని దొరికింది. ఆ ఊరి తెలుపు నాకింకా కళ్ళల్లో ఉంది. చెట్ల ఆకులు తెల్లగా, కరెంటు తీగలు తెల్లగా, గేదెల వీపులు తెల్లగా. అమ్మ బట్టలను తిరగేసి ఆరేసేది, బిందెల మీద తడిగుడ్డ కప్పేది. బట్టీలో బొగ్గు కాలే వాసన, సున్నంరాయి మీద నీళ్ళు పోస్తే బుసకొట్టి లేచే ఆవిరి వాసన, ఇంట్లో అన్నం వాసనలో కూడా కలిసిపోయి ఉండేవి. రాత్రిపూట నాన్న చేతులు పగిలి మంట పుడుతుంటే అమ్మ కొబ్బరినూనె రాసేది. కాటా దగ్గర లారీవాళ్ళు నాన్నను బ్యాకూ అని పిలిచేవాళ్ళు. ఏంది బ్యాకూ, ఇయ్యాల ఎంతమందిని ఆపినావు అని ఎగతాళి చేసేవాళ్ళు. నాన్న కోపం తెచ్చుకునేవాడు కాదు. నిన్ను ఆపితే నా బతుకు పోద్దిరా, పో అని గేటు ఎత్తేవాడు.

నడిమధ్యలో ఊరు మారాం గనక బడిలో అక్కను దాని తరగతిలో చేర్చుకోలేదు. ఒక తరగతి కిందికి, నా తరగతిలో వేశారు. నాన్న కూడా పట్టుబట్టలేదు. రోడ్డు నిండా లారీలు, ఇద్దరూ చేతులు పట్టుకుని పోతార్లే అన్నాడు. జట్టుతో పాటు అక్క కూడా దిగిందన్నమాట. ఆ రోజంతా ఏడ్చి, మర్నాటి నుంచి నా పుస్తకాలు నాకంటే ముందు చదివేసింది.

పీట సంగతి అప్పుడు మొదలైంది. ఇంట్లో ఉన్నది ఒక్కటే పీట, ఇద్దరం కొట్టుకునేవాళ్ళం. బడిలో శనివారం శనివారం పరీక్ష పెట్టేవాళ్ళు. ఆదివారం నాన్న తలంటుకుని, పేపరు పరిచి కూర్చుని, మా ఇద్దరి మార్కులు చదివి తీర్పు చెప్పేవాడు. ఎక్కువొచ్చినవాళ్ళు వారమంతా పీట మీద, రెండోవాళ్ళు నేల మీద. ఇంకో రూలు కూడా పెట్టాడు. దిగినవాళ్ళే తమ చేత్తో ఎక్కినవాళ్ళకు పీట వాల్చాలి. మైకులో చెప్పినట్టు గొంతు మార్చి, ఈ వారం పై డివిజను నుంచి దిగుతున్నది అని ఆగి, మా మొహాలు చూసి, పేరు చెప్పేవాడు. ఆడపిల్లలు తిండి తినే చోట ఇదేం పంచాయితీ అని అమ్మ గొణిగేది. ఏడుపు లేదు, వచ్చే వారం ఉందిగా అని నాన్న అనేవాడు.

నిజం చెప్పాలంటే అవి మంచి రోజులు. ఇప్పుడు చేదుగా రాస్తున్నాను గాని, ఆదివారం కోసం ఇద్దరం ఎదురుచూసేవాళ్ళం. వేడి అన్నంలో కందిపొడి కలుపుతూ పీట మీదనుంచి అక్క నా వైపు వంగి, కింద గాలి ఎట్టా ఉందే అనేది. చల్లగా ఉంది, నీకే ఉక్క అనేదాన్ని. ఆమె ఒక్కోసారి కావాలనే పీట చివరికి జరిగేది, నేను సగం ఎక్కేదాన్ని, నాన్న చూసి ఫౌల్ అనేవాడు. నేను పీట మీద కూర్చున్న వారాలు వేళ్ళ మీద ఎంచొచ్చు. ఎక్కువగా అక్కే. ఆమెకు లెక్కలు నోట్లో ఉండేవి, నేను పలక మీద వేసి చూసేదాన్ని. పీట వాల్చడంలో నా చెయ్యి తిరిగిపోయింది. అయినా నాకు గుర్తున్నంతలో నేను ఏ వారమూ భయపడలేదు. వచ్చే వారం అనేది ఉండేది గనక.

పదో తరగతిలో అమ్మకు గర్భసంచి ఆపరేషను అయింది. దీపావళి దాటాక గుంటూరులో చేశారు. కుట్లు చీము పట్టి, ఆమె మంచం దిగేసరికి వేసవి దాటింది. పొద్దున్నే నీళ్ళు పట్టడం, అన్నం వార్చడం, అమ్మకు స్నానం, నాన్నకు క్యారేజీ, అన్నీ అక్క మీద పడ్డాయి. పడ్డాయంటే ఎవరూ వెయ్యలేదు, ఆమె చేసుకుపోయింది, మేం చూస్తూ ఊరుకున్నాం. బడికి ఆలస్యంగా వచ్చేది. క్లాసులో ఆమె చేతుల దగ్గర ఇంగువ వాసన వచ్చేది. ఆదివారాలు మాత్రం ఆగలేదు. నాన్న పేపరు పరిచి మార్కులు చదివేవాడు, అక్క కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి నాకు పీట వాల్చి మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయేది. కొన్నాళ్ళకు నాన్న మార్కులు చదవడం కూడా మానేశాడు, పీట నాదే అయిపోయింది. అక్క మాతో కూర్చోవడం మానేసింది, మేం తిన్నాక వంటింట్లో గిన్నెలోనే కలుపుకుని తినేది. ఎప్పుడు మానేసిందో నాకు తెలియదు. తెలియకపోవడమే నాకిప్పుడు కష్టంగా ఉంటుంది.

పరీక్షల్లో ఇద్దరం పాసయ్యాం. నాకు ఫస్టు క్లాసు, అక్కకు సెకండు. ఇంటరుకు గుంటూరు హాస్టలుకు పంపాలి, ఇద్దరినీ పంపలేను, ఒకళ్ళే అన్నాడు నాన్న. అమ్మ మంచం మీద అటు తిరిగి పడుకుంది. నాన్న గడప మీద కూర్చుని చేతులకు నూనె రాసుకుంటున్నాడు, అమ్మ రాయలేని రోజులు గనక. అక్క వంటింటి ద్వారం పట్టుకుని నిలబడింది. చిన్నదాన్ని ఈ ఏడు పంపమని తనే అంది. అమ్మ ఈలోపు లేచి తిరుగుతుందంది. ఆ తరవాత అడిగింది.

"వచ్చే ఏడు నన్ను పంపుతావా నాన్నా?"

నాన్న వేళ్ళ సందుల్లో నూనె రుద్దుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు.

"చూద్దాం."

అక్క నా వైపు చూసింది. ఆఫీసరు ఎలా అన్నాడో నాన్న మాకు ఎన్నోసార్లు నటించి చూపించాడు, తల వంచుకుని, గొంతు ముక్కులోకి తెచ్చి. పండక్కి చుట్టాలొస్తే అడిగి మరీ చేయించుకునేవాళ్ళం, పడీపడీ నవ్వేవాళ్ళం. ఇప్పుడు నాన్న నటించలేదు. తన సొంత గొంతుతోనే అన్నాడు.

నన్ను గుంటూరులో దించడానికి బస్సులో తీసుకుపోయిన రోజు, పక్క సీట్లో ఒక పెద్దాయన ఏం చేస్తుంటారని అడిగాడు. నాన్న కాటా గురించి చెప్పలేదు. జట్టు గురించి మొదలుపెట్టాడు. పైకి ఎక్కడం, గోలీకి కామెర్లు, చీలమండ, అంతా. "ఒక్క ఏడు చూసి మనిషిని తేలుస్తారా అండీ? కాలు బాగున్న ఏడు చూడాల్సింది మమ్మల్ని" అన్నాడు. పెద్దాయన అయ్యో అన్నాడు. నేను కిటికీ దగ్గర ట్రంకు పెట్టె మీద కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉన్నాను. ఆ మాట నాకు మామూలుగానే వినిపించింది, ఎప్పుడూ వినేదేగా. అదే మాటను అక్క నోట్లో పెట్టి చూడాలని నాకు తోచలేదు. నాన్నకు మాత్రం తోచాలి కదా. ఆయన పెద్దవాడు, ఆ దెబ్బ తిన్నవాడు.

మరుసటేడు జూన్ ముందు అక్క మళ్ళీ అడిగిందని అమ్మ నాకు తరవాతెప్పుడో చెప్పింది. నాన్న ఈసారి ఆ ఒక్క మాట కూడా అనలేదట, లేచి కాటాకు పోయాడట. ఆ పై ఏడు అక్కను మాచర్ల ఇచ్చారు. అక్క బాగానే ఉంది, ఎవరూ జాలి పడనక్కర్లేదు. బస్టాండు ఎదురుగా వాళ్ళ టిఫిను బండికి పేరుంది. బావ నెమ్మదస్తుడు. పైకి ఎక్కిన నేను డిగ్రీ చదివి, బీఎడ్ చేసి, ఒక ప్రైవేటు బడిలో కొన్నాళ్ళు చెప్పి, సహస్ర కడుపున పడ్డాక మానేసి ఇంట్లో ఉన్నాను. నా చదువంతా ఇప్పుడు పిల్ల హోమ్‌వర్కుకే. అక్క చోటును తీసుకుని నేను దాంతో ఏం చేశానని ఎవరూ అడగరు. అక్క కూడా అడగదు. అడిగితేనే నయం.

చివరి రోజుల్లో నాన్న మా ఇంటికొచ్చినప్పుడు టీవీలో కొత్త లీగు వస్తుండేది. దీపాలు, పాటలు, సినిమావాళ్ళు. నాన్న కుర్చీ దగ్గరికి లాక్కుని చూసేవాడు. అడుగున ఉన్నది ఏ జట్టు అని మా ఆయన్ని అడిగాడు. ఆయన ఫోనులో చూసి చెప్పాడు. అయితే అది దిగిద్దా అన్నాడు నాన్న. ఇందులో ఎవరూ దిగరు మామయ్యా, డబ్బు కట్టి చోటు కొనుక్కున్నారు, కిందివాళ్ళు ఎక్కడానికి కూడా లేదు అన్నాడు మా ఆయన. నాన్న కుర్చీ వెనక్కి జరిపాడు. "దిగేది లేని ఆట ఏం ఆటయ్యా" అన్నాడు. అలా అని, మళ్ళీ తనే, "మా అప్పుడు ఇట్టా ఉంటే మా జట్టు ఇప్పటికీ ఉండేది" అన్నాడు. రెండూ ఆయన మనస్ఫూర్తిగా అన్నవే. తరవాత కింద గెలిచినవాళ్ళకు పైకి ఒక సందు తెరిచారని మా ఆయన చెప్పగా విన్నాను. ఇప్పుడెలా ఉందో చూడలేదు. నాన్న లేకుండా ఆ పట్టిక చూడబుద్ధి కాదు.

ఆ రోజు నేను టీ గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఇప్పుడు అంటాడేమో అనుకున్నాను. పెద్దదాని విషయంలో నేనూ అట్టాగే చేశానే చిన్నదానా అని, ఒక్క ముక్క. అది అక్కకు కాకపోతే నాకైనా. అనలేదు. ఆఫీసరు మాటను ఇరవై ఏళ్ళు నోట్లో నానబెట్టుకున్న మనిషి, అదే మాట తన నోట్లోంచి పడిన సంగతి ఎరగకుండానే పోయాడు. ఆస్పత్రిలో చివరి వారం అక్కే దగ్గరుంది. ఏమన్నా అన్నాడా అని ఆమెను అడిగాను. కాలు లాగుతోంది, ఆముదం రాయమన్నాడు అని చెప్పింది.

సోమవారం పొద్దున నేను బడికి పోయాను. సెక్షన్లు చూసే ఇన్‌చార్జి కుర్రవాడు మర్యాదస్తుడు, కుర్చీ వేశాడు. పిల్లకు ఆటలమ్మ పోసిందని, డాక్టరు చీటీ ఉందని, చేరినప్పటి నుంచి పైనే ఉన్న పిల్ల అని చెప్పాను. కంప్యూటరులో చూసి నిజమే మేడమ్ అన్నాడు. మేడ మీద గదిలో సీట్లు ఇన్నే అని, ఇప్పుడు పైకి వచ్చిన పిల్లను దించలేం కదా అని చెప్పాడు. అదీ నిజమే. మరి వచ్చే నెల బాగా రాస్తే పైకి పంపుతారా అని అడిగాను. అతను మౌస్ మీద చెయ్యి తియ్యకుండా, తెర మీంచి కళ్ళు తిప్పకుండా జవాబు చెప్పాడు. ఏమన్నాడో రాయనక్కర్లేదు. దారి పొడుగునా ఆ గొంతు ముక్కులోంచి వచ్చినట్టే వినిపించింది, అతను మామూలుగా అన్నా.

ఇంకో బడిలో వేద్దామంటే, ఈ ఊళ్ళో పేరున్న బళ్ళన్నీ ఇంతే. పేర్లే వేరు, ఒకచోట నక్షత్రాలు, ఒకచోట నదులు. పని మీద వేరే ఊళ్ళో ఉన్న మా ఆయన ఫోనులో, మూడో తరగతికే ఇంత కంగారు దేనికి అన్నాడు. మా ఇంట్లో దిగడం అంటే ఏమిటో ఆయనకు తెలియదు.

ఆ సాయంత్రం అన్నాలకు కూర్చున్నాం. అక్క మర్నాడు పొద్దున బస్సుకు పోవాలి. సహస్ర బడి నుంచి వచ్చినప్పటి నుంచి మూగగా ఉంది. గోడకు ఆనించిన పీటను చూసి ఇదేంటి పెద్దమ్మా అని అడిగింది. మీ అమ్మ గెల్చుకున్న కప్పు అని చెప్పింది అక్క. పిల్ల దాన్ని తిరగేసి చూసి, కప్పులా లేదే అంది. అక్క నవ్వి, దాన్ని కడిగి తుడిచి నేల మీద వాల్చింది, చూడకుండానే, చేతికి అలవాటైనట్టు, మచ్చ ఉన్న మూల గోడ వైపుకు పెట్టి. అప్పుడు కూడా అలాగే పెట్టేది, మచ్చ కంటికి కనపడకుండా. ఎవరూ దాని మీద కూర్చోలేదు. ముగ్గురం దాని చుట్టూ నేల మీదే కూర్చున్నాం.

నేను పప్పుచారు గరిటెతో తిప్పుతున్నాను. సహస్ర అన్నం కెలుకుతూ అడిగింది.

"అమ్మా, నేను మళ్ళీ మేడ మీదికి ఎక్కుతానా?"

"చూద్దాం" అన్నాను.

అనుకుని అన్నది కాదు. ఏ తల్లి అయినా రోజుకు ఎన్నోసార్లు అనే మాట, బొమ్మకు, ఐస్‌క్రీముకు, ఊరికి. గరిటె గిన్నెలో ఉండగానే తెలిసింది. అక్క చెయ్యి కంచంలో ఆగిపోయింది. నా వైపు తల తిప్పింది, పదో తరగతి అయిపోయిన వేసవిలో వంటింటి ద్వారం దగ్గర చూసిన చూపుతోనే.

"ఆ మాట అనబాకే దాన్ని. ఎక్కుతావనన్నా చెప్పు, ఎక్కవనన్నా చెప్పు. ఏడిస్తే ఏడ్చిద్ది. చూద్దామని మాత్రం అనబాకు" అంది.

కోపంగా అనలేదు. అదే నన్ను కోసింది. సహస్ర మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, ఇక నాతో లాభం లేదనుకుందేమో, అక్క వైపు జరిగింది.

"పెద్దమ్మా, నువ్వెప్పుడైనా దిగావా?"

"దిగానమ్మా."

"మళ్ళీ ఎక్కావా?"

అక్క పిల్ల వైపు వంగింది. కనుబొమ మీద గీత దీపం వెలుగులో తెల్లగా కనపడింది.

"యాడ ఎక్కేది? జట్టునే ఎత్తేశారు."

నాన్న నోట్లోంచి లెక్కలేనన్నిసార్లు విన్న మాట అది. అక్క నోట్లోంచి అదే మొదటిసారి. ఏ జట్టు అని సహస్ర అడిగింది. తిను ముందు అని అక్క దాని కంచం దగ్గరికి జరిపి, నా వైపు తిరిగి, చారు పొయ్యవే చల్లారిపోద్ది అంది. పోశాను. పిల్ల మాత్రం నా వంక చూస్తూనే ఉంది, ఎక్కుతావనో, ఎక్కవనో నేనేదో ఒకటి చెబుతానని. దానికి ఏం చెప్పాలో ఆ పూట తోచలేదు. మంగళవారం అక్క వెళ్ళిపోయింది, బుధవారమూ తోచలేదు. ఈ రాత్రి ఇదంతా రాశాక కూడా తోచలేదు. తెల్లారితే దాన్ని మళ్ళీ తీసుకుపోయి బడి దగ్గర దించాలి.